సింగపూర్: ఈత కొలను ఉన్న హోటలా, కొలనుకు దగ్గరగా ఉన్న హోటలా?

తూనీగ · విజయవాడ

అందరికీ నమస్కారం. మే చివరి వారంలో సింగపూర్ ప్రయాణం పెట్టుకున్నాం. నేను, మావారు, అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు. పాపకు పదేళ్లు, బాబుకు అయిదు. పాప ఇక్కడ గాంధీనగర్‌లోని సర్ విజ్జీ కొలనులో ఈత నేర్చుకుంది. అప్పటినుంచి ఏ ఊరి పేరెత్తినా “అక్కడ స్విమ్మింగ్ పూల్ ఉంటుందా?” అన్నదే దాని మొదటి ప్రశ్న.

పిల్లలు పడుకున్నాక కూర్చుని హోటళ్లు వెతుకుతున్నాను. “ఈత కొలను” అన్న గడిలో టిక్కు పెట్టగానే మా స్తోమతకు తగినవన్నీ మాయమవుతున్నాయి. టిక్కు తీసేస్తే అందరికీ కలిపి రాత్రికి 200 సింగపూర్ డాలర్ల లోపు దొరుకుతున్నాయి. పెడితే 350 దాటుతున్నాయి. ఒక్క కొలను కోసం అంత తేడా పెట్టడం సబబేనా? పైగా ఫొటోల్లో సముద్రంలా కనిపించే కొలను అక్కడికి వెళ్లాక ఎంత ఉంటుందో తెలియదు.

ఇంకో రెండు సంగతులు. అత్తయ్యగారు పూర్తి శాకాహారి, మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ నడవలేరు. మావారికేమో మెరీనా బే దగ్గర మూడు టవర్ల నెత్తిన కట్టిన ఆ కొలనులో ఫొటో దిగాలని కోరిక. అక్కడ ఉన్నవాళ్లు, వెళ్లివచ్చినవాళ్లు చెప్పగలరా?

---

నీటికాకి · సింగపూర్

తూనీగ గారూ, ముందు ఆ టిక్కు తీసేయండి. హోటల్ కొలనుకు డబ్బు పోయాల్సిన ఊర్లు వేరే ఉన్నాయి, సింగపూర్ వాటిలోది కాదు. ఇక్కడ దాదాపు ప్రతి పెద్ద నివాస ప్రాంతానికీ ప్రభుత్వ ఈత కొలనుల సముదాయం ఉంటుంది. స్పోర్ట్ సింగపూర్ అనే ప్రభుత్వ సంస్థ యాక్టివ్‌ఎస్‌జీ పేరుతో వీటిని నడుపుతుంది. సాధారణంగా ఒక్కో చోట 50 మీటర్ల కొలను ఒకటి, నేర్చుకునేవాళ్లకు లోతు తక్కువది ఒకటి, చిన్నపిల్లలకు మోకాలి లోతుది ఒకటి ఉంటాయి. స్నానాల గదులు, బట్టలు మార్చుకునే గదులు, లాకర్లు, కాపలా కాసే లైఫ్‌గార్డులు అన్నీ ఉంటాయి. బయటి దేశాలవాళ్లను ఎవరూ ఆపరు. ఇక్కడివాళ్లకు ఇచ్చే రాయితీలు మీకు రావు గానీ, పెద్దలకైనా టికెట్టు రెండు మూడు డాలర్ల మాటే. వారాంతంలో కొంచెం ఎక్కువ.

లిటిల్ ఇండియా (మన దుకాణాలు, మన హోటళ్లు ఉండే పేట) చుట్టుపక్కల దిగితే మీకు దగ్గరిది జలాన్ బెసార్ కొలను. టిర్విట్ రోడ్డులో, పాత ఫుట్‌బాల్ స్టేడియం పక్కనే ఉంటుంది. బెండెమీర్ రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరం. ఆర్భాటం ఏమీ ఉండదు. పొద్దున పూట రిటైరైన తాతలు, అమ్మమ్మలు నెమ్మదిగా అటూ ఇటూ ఈదుతుంటారు, సాయంత్రం స్కూలు పిల్లలు వస్తారు.

పాపకు ఈత మీద నిజంగా ఇష్టం ఉంటే ఒక పూట కల్లాంగ్‌లోని ఓసీబీసీ ఆక్వాటిక్ సెంటర్‌కు తీసుకెళ్లండి. 2015 ఆగ్నేయాసియా క్రీడల్లో ఈత పోటీలు జరిగింది అక్కడే. జోసెఫ్ స్కూలింగ్ ఆ క్రీడల్లో తొమ్మిది బంగారు పతకాలు గెలిచాడు. మరుసటి ఏడాది రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో మైకేల్ ఫెల్ప్స్‌ను వెనక్కి నెట్టి సింగపూర్‌కు మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. అదే నీళ్లలో దిగానని బడిలో చెప్పుకోవడానికి పిల్లకు అంతకన్నా ఏం కావాలి! పోటీలు, శిక్షణలు ఉన్న రోజుల్లో ప్రజలను అనుమతించరు, కాబట్టి ముందే చూసుకుని వెళ్లాలి.

---

సంచారి · హైదరాబాద్

నీటికాకి గారు అక్కడ ఉండేవారి కోణంలో చెబుతున్నారు. సెలవు మీద వెళ్లేవాడి కోణం వేరు. హోటల్ కొలను అంటే పొద్దున లేచి తువ్వాలు భుజాన వేసుకుని లిఫ్టు ఎక్కడం. ఎండలో తిరిగి తిరిగి మధ్యాహ్నం గదికి వచ్చి పిల్లలను నీళ్లలో వదిలేసి మనం కుర్చీలో వాలిపోవడం. అయిదేళ్ల పిల్లవాడిని తడి బట్టలతో, తడి తలతో ఏసీ రైలు ఎక్కించి గదికి తీసుకురావడం వినోదం కాదండీ, అదొక ఉద్యోగం.

అసలు కొలనే ముఖ్యమైతే సింగపూర్ ఎందుకు? బ్యాంకాక్‌లో మీరు చెప్పిన 200 డాలర్లలో సగానికే మేడ మీద కొలను ఉన్న మంచి హోటల్ వస్తుంది. కౌలాలంపూర్‌లో రోజువారీ అద్దెకిచ్చే ఫ్లాట్లు ఉన్నాయి, ముప్పయ్యో అంతస్తులో కొలను, వంటగది, వాషింగ్ మెషిన్, అత్తయ్యగారికి విడిగా గది. సింగపూర్‌లో ఆ ధరకు వచ్చేది మంచం చుట్టూ పక్కకు తిరిగి నడవాల్సిన గది.

---

తూనీగ · విజయవాడ

సంచారి గారూ, టికెట్లు కొనేశాం. ఊరు మార్చే ప్రశ్న లేదు. కానీ తడి తలతో రైలు అన్న మాట మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. బాబుకు ఊరికే జలుబు చేస్తుంది.

ఫ్లాట్ అద్దెకు తీసుకోవడం సింగపూర్‌లో కుదరదా? మా బంధువు ఒకాయన ఏదో వెబ్‌సైట్‌లో చూశానన్నారు, కొలను ఉన్న అపార్ట్‌మెంటులోనే.

---

నీటికాకి · సింగపూర్

వద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. సింగపూర్‌లో ప్రైవేటు అపార్ట్‌మెంట్లను మూడు నెలలకు తక్కువగా అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. ప్రభుత్వ గృహాలైతే కనీసం ఆరు నెలలు. రోజువారీ అద్దెకు కనిపించేవాటిలో లైసెన్సు ఉన్న సర్వీస్డ్ అపార్ట్‌మెంట్లు (హోటల్‌లా నడిపే ఫ్లాట్లు) వేరు, దొంగచాటుగా ఇచ్చేవి వేరు. రెండో రకానికి డబ్బు కట్టి దిగాక కాపలాదారు లోపలికి రానివ్వకపోతే పిల్లలు, పెద్దావిడ, సామాను అంతా రోడ్డు మీద. లైసెన్సు ఉన్నవి బాగుంటాయి గానీ మీ 200లో రావు.

---

లెక్కలమాస్టారు · గుంటూరు

హోటల్ ధరల దగ్గర తూనీగ గారు ఒకటి గమనించాలి. సింగపూర్‌లో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు (++) ఉంటే అది చివరి ధర కాదు. మొదటి ప్లస్ 10 శాతం సేవా రుసుము. రెండోది జీఎస్టీ, 2024 జనవరి నుంచి 9 శాతం. ఈ పన్ను సేవా రుసుము కలిపాక వచ్చిన మొత్తం మీద పడుతుంది. అంటే 150 డాలర్ల గదికి మొదట 165, దాని మీద 9 శాతం వేస్తే 179.85. మన వెబ్‌సైట్లలో కొన్ని మొదట పన్నులు లేని ధర చూపించి డబ్బు కట్టే పేజీలో కలుపుతాయి, కొన్ని ముందే కలిపి చూపిస్తాయి. మీరు పోల్చిన 200, 350 రెండూ ఒకే రకం ధరలేనా? ఒకటి పన్నులతో, ఇంకొకటి పన్నులు లేకుండా అయితే పోలిక చెల్లదు.

ఒకే రకమే అనుకుందాం. తేడా రాత్రికి 150 డాలర్లు. మీ కుటుంబం అంతా ప్రభుత్వ కొలనుకు వెళ్లినా ప్రవేశానికి పది డాలర్ల చుట్టుపక్కల అవుతుంది, రాకపోకలకు ఇంకొంత. మీరు చెప్పిన జలుబు భయానికి తిరుగు ప్రయాణం ట్యాక్సీలో చేసినా మిగిలేది చాలా. పైగా హోటల్ కొలనుకు మీరు ఈదని రోజు కూడా కడుతున్నారు. అసలు సంగతి అక్కడుంది. ఊరు చూడటానికి వెళ్లినవాళ్లు రోజూ ఈదరు.

---

సంచారి · హైదరాబాద్

మాస్టారూ, లెక్క ఒప్పుకుంటాను. కానీ 200కు, 350కి మధ్య ఏమీ లేనట్టు మాట్లాడుతున్నారు. లావెండర్ స్టేషన్‌కు ఆనుకుని వి హోటల్ ఉంది, జలాన్ సుల్తాన్ దగ్గర హోటల్ బాస్ ఉంది. రెండూ పెద్ద హోటళ్లు, రెండింట్లోనూ కొలను ఉంది, ధర మధ్యరకం. గదులు చిన్నవే. ఫారర్ పార్క్ స్టేషన్ దగ్గర వన్ ఫారర్‌లో అయితే ఏకంగా 50 మీటర్ల కొలను ఉంది, కాకపోతే అది మీ లెక్కకు పైన. రద్దీ లేని వారం మధ్యలో ధరలు చూడండి. శుక్ర, శనివారాల ధర చూసి భయపడితే ఎలా?

---

కాలినడక · రాజమహేంద్రవరం

చవక హోటళ్ల విషయంలో నాకు కాస్త అనుభవం ఉంది కాబట్టి చెబుతున్నాను.

సింగపూర్‌లో తక్కువ ధర గదుల్లో చాలావాటికి కిటికీ ఉండదు. మోసమేమీ కాదు, వివరాల్లో రాసే ఉంటుంది, మనం చదవం. ఒంటరిగా వెళ్లినవాడు తట్టుకుంటాడు, ఎలాగూ రాత్రి పడుకోవడానికే కదా. పెద్దవాళ్లతో, తడి తువ్వాళ్లతో, పిల్లల ఈత బట్టలతో ఆ గదిలో ఉండలేరు. నేను దిగిన ఒక హోటల్‌లో (పేరు అనవసరం) గోడకు కిటికీ తెర వేలాడుతోంది, దాన్ని తొలగిస్తే వెనక గోడే! అద్దె సగానికి సగం తక్కువ ఎందుకో అప్పుడు తెలిసింది. ఈతకు వెళ్లే ఉద్దేశం ఉంటే కిటికీ ఉన్న గది తీసుకోండి, లేకపోతే ఏదీ ఆరదు. అదే వీధిలో నాణేలు వేసే లాండ్రీ ఉందేమో కూడా మ్యాపులో చూడండి.

ఇక ప్రాంతాలు. లావెండర్, జలాన్ బెసార్, ఫారర్ పార్క్, బెన్‌కూలెన్ మీకు సరిపోతాయి. బాలెస్టియర్‌లో ధరలు ఇంకా తక్కువ, తిండికి మంచి చోటు, కానీ రైల్వే స్టేషన్ దగ్గర్లో ఉండదు, బస్సుల మీద ఆధారపడాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు అది కష్టం. గేలాంగ్‌లో అన్నిటికన్నా చవకగా దొరుకుతాయి. అక్కడ సరి సంఖ్యల లొరాంగులు, అంటే సందులు, రెడ్‌లైట్ ప్రాంతం. భద్రతకు భయం లేదు, తిండి అద్భుతం. కానీ సాయంత్రం పిల్లల చేయి పట్టుకుని నడుస్తుంటే వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు మీరే చెప్పుకోవాలి.

అయిదుగురికి ఒకే గది ఆశించకండి. ఇద్దరికని బుక్ చేసి మిగతావాళ్లను లోపలికి తెచ్చే పద్ధతి అక్కడ చెల్లదు. నలుగురి గది ఒకటి తీసుకుని బాబును కలుపుకోవచ్చా అని హోటల్‌కు ముందే రాసి అడగండి. లేదా రెండు చిన్న గదులు, ఒకే అంతస్తులో.

---

పొద్దుతిరుగుడు · హన్మకొండ

నేను అడగాలనుకున్నది ఎవరూ అడగలేదు, నేనే అడుగుతున్నాను. ఆడవాళ్లం ఏం వేసుకోవాలి? నాకు ఈత వచ్చు. చిన్నప్పుడు మా ఊరి బావిలో పావడాతో ఈదినదాన్ని. కానీ పొట్టి ఈత దుస్తుల్లో పరాయి దేశంలో అందరి ముందు దిగాలంటే మొహమాటం. పెద్ద టీషర్టు, లెగ్గింగ్స్ వేసుకుంటే ఒప్పుకుంటారా? ఇంతకుముందు వేరే దేశంలో ఒక హోటల్‌లో అలా దిగితే అందరిలో పైకి రమ్మన్నారు. ఆ అవమానం ఇంకా మరచిపోలేదు.

---

నీటికాకి · సింగపూర్

పొద్దుతిరుగుడు గారూ, మంచి ప్రశ్న. నూలు టీషర్టు, జీన్సు, మామూలు లెగ్గింగ్స్, లోదుస్తులు ఇవేవీ ఒప్పుకోరు. కానీ ఒంటినిండా కప్పే ఈత దుస్తులు పూర్తిగా సమ్మతమే. పొడుగు చేతుల పైదుస్తు, మడమల దాకా వచ్చే బిగుతు ప్యాంటు, తలకు టోపీ, ఏదైనా సరే, బట్ట మాత్రం ఈతకోసం చేసిన నైలాన్, లైక్రా రకం అయి ఉండాలి. ఇక్కడ మలయ్ ముస్లిం మహిళలు తలతో సహా కప్పుకుని ఈదుతారు. నేను కూడా పొడుగు చేతులదే వేసుకుంటాను, సిగ్గుతో కాదు, ఎండకు. భూమధ్యరేఖ ఇక్కడికి ఎంతో దూరం లేదు, పదింటి ఎండకే వీపు కాలిపోతుంది. అటువంటివి డెకాథ్లాన్‌లో హైదరాబాద్, విజయవాడల్లోనే కొనుక్కుని రండి.

మగవాళ్లకు కూడా అదే నియమం. బీచ్ నిక్కరు ఫరవాలేదు, జేబుల్లో తాళాలతో వచ్చే కాటన్ బెర్ముడా కుదరదు.

---

రైన్‌తీరం · జర్మనీ

దుస్తుల మాట వచ్చింది కాబట్టి ఐరోపాకు వచ్చేవాళ్లకు హెచ్చరిక. పారిస్ నగరపాలక కొలనుల్లో మగవాళ్లకు వదులు నిక్కర్లు నిషిద్ధం, ఒంటికి అంటుకునేవే వేసుకోవాలి, తలకు టోపీ తప్పనిసరి. టోపీలు అక్కడే యంత్రంలో అమ్ముతారు గానీ ధర చూస్తే నవ్వొస్తుంది. ఐస్‌లాండ్‌లో ఊరూరా వేడినీళ్ల బహిరంగ కొలనులు ఉంటాయి, మంచు కురుస్తున్నా జనం దిగుతారు. అక్కడ కొలనులోకి వెళ్లే ముందు బట్టలు పూర్తిగా విప్పి సబ్బుతో స్నానం చేయాలి, ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరు గదులే అయినా లోపల తెరలు అన్ని చోట్లా ఉండవు. నీళ్లలో క్లోరిన్ తక్కువ వేస్తారు, అందుకని అంత పట్టుదల. మన మిత్రబృందంలో ఒకాయన ఆ బోర్డు చదివి వెనక్కి తిరిగి వెళ్లి బస్సులో కూర్చున్నాడు. మేం ఎంత పిలిచినా రాలేదు!

జర్మనీలో అయితే...

---

వేదిక నిర్వాహకులు

రైన్‌తీరం గారూ, జర్మనీ కొలనుల మీద వేరే చర్చ మొదలుపెట్టండి, తప్పక చదువుతాం. ఇక్కడ సింగపూర్ దగ్గరే ఉందాం.

---

తూనీగ · విజయవాడ

ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, మీ అనుమానం నిజం. 200 అన్నది పన్నులు లేని ధర, 350 పన్నులతో కలిపినది. సరిచేసి చూస్తే తేడా తగ్గింది గానీ ఇంకా వంద పైనే ఉంది.

ఇంకో చిక్కు. మా విమానం హైదరాబాద్‌లో రాత్రి బయలుదేరి అక్కడ తెల్లవారాక దిగుతుంది. హోటళ్లన్నీ మధ్యాహ్నం రెండు, మూడు దాకా గది ఇవ్వమంటున్నాయి. అంతవరకు పిల్లలతో ఏం చేయాలి? ఒక రాత్రి అద్దె అదనంగా కట్టి ముందే గది తీసుకోవాలా?

---

నీటికాకి · సింగపూర్

కట్టకండి. ఆ డబ్బుతో వారం తినొచ్చు.

సామాను హోటల్‌లో పెట్టేయండి, ఎవరూ కాదనరు. చేతి సంచిలో ఈత బట్టలు, తువ్వాళ్లు, ఒక జత బట్టలు పెట్టుకుని నేరుగా జలాన్ బెసార్ కొలనుకు వెళ్లండి. చాలా కొలనులు ఉదయం ఎనిమిదికి తెరుస్తారు, రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంటాయి. పిల్లలు రెండు గంటలు ఈదుతారు, విమానం బడలిక పోతుంది, అందరికీ స్నానాలవుతాయి. అక్కడినుంచి లిటిల్ ఇండియాలోని సెరంగూన్ రోడ్డుకు వెళ్లి టిఫిన్ తిని నెమ్మదిగా గదికి చేరండి. రాత్రి విమానంలో వచ్చే మా బంధువులందరికీ నేను చేసే ఏర్పాటు ఇదే.

విమానాశ్రయం నుంచి రావడం కూడా తేలికే. చాంగీలో రైలెక్కి ఒక్క స్టేషన్ తర్వాత ఎక్స్‌పోలో డౌన్‌టౌన్ లైను రైలు మారితే బెండెమీర్, జలాన్ బెసార్ స్టేషన్లు రెండూ అదే దారిలో వస్తాయి. స్టేషన్లన్నింటికీ లిఫ్టులున్నాయి కాబట్టి అత్తయ్యగారికి మెట్ల బాధ లేదు. కాకపోతే మారేటప్పుడు కొంత నడక ఉంటుంది. సామాను ఎక్కువైతే ఆ ఒక్కరోజు ట్యాక్సీ ఎక్కండి.

రెండు జాగ్రత్తలు. ప్రతి కొలనుకూ వారంలో ఒకరోజు శుభ్రం చేసే పని ఉంటుంది, ఆ రోజు పూర్తిగానో, ఒక పూటో మూసేస్తారు. ఏ కొలనుకు ఏ రోజన్నది యాక్టివ్‌ఎస్‌జీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. మరమ్మతులకు నెలల తరబడి మూసేయడమూ ఉంది. మీరు వచ్చే వారం తప్పకుండా చూసుకోండి.

రెండోది పిడుగులు. నవ్వకండి. సింగపూర్‌లో ఏడాదికి సగటున 160కి పైగా ఉరుములు వినబడే రోజులు ఉంటాయి. ప్రపంచంలో పిడుగులు ఎక్కువ పడే చోట్లలో ఇదొకటి. మెరుపుల హెచ్చరిక రాగానే హారన్ మోగుతుంది, లైఫ్‌గార్డులు అందరినీ నీళ్లలోంచి లేపేస్తారు. వాన చుక్క పడకపోయినా సరే, మళ్లీ చెప్పేదాకా దిగనివ్వరు. వాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాక వస్తుంది. అందుకే ఈత ఉదయానికి పెట్టుకోండి, మధ్యాహ్నం మ్యూజియమో, షాపింగో. హోటల్ మేడ మీది కొలనుకూ ఇదే వర్తిస్తుంది, సంచారి గారు గమనించగలరు.

---

సంచారి · హైదరాబాద్

గమనించాను. పొద్దున్నే దిగినవాళ్లకు కొలను ఆలోచన బాగుంది, అది ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

ఇంకో దారి చెప్పనా? మలేషియా వైపు జోహోర్ బారులో దిగండి. వంతెనకు అవతల అంతే. సగం ధరకు కొలనున్న పెద్ద హోటల్.

---

నీటికాకి · సింగపూర్

వంతెన కాదు, కట్ట. 1924లో పూర్తయింది, పొడవు కిలోమీటరు చిల్లర. ఆ కిలోమీటరు దాటడానికి రద్దీ వేళ గంటలు పడుతుంది. పొద్దున ఉద్యోగాలకు వచ్చే జనంతో రెండు చోట్ల పాస్‌పోర్టు వరుసల్లో నిలబడాలి, సాయంత్రం మళ్లీ. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను రోజూ ఆ వరుసల్లో నిలబెడతారా? ఒంటరిగా వెళ్లేవాళ్లకు సరదా. వీళ్లకు కాదు.

---

కాలినడక · రాజమహేంద్రవరం

సంచారి గారికి ఓడిపోవడం ఇష్టం ఉండదు, మనకు తెలిసిందే కదా. :)

---

తూనీగ · విజయవాడ

మరి మావారి ఫొటో సంగతి? ఆయన పక్కనే కూర్చుని అడగమంటున్నారు.

---

నీటికాకి · సింగపూర్

మెరీనా బే శాండ్స్ కొలను 57వ అంతస్తులో ఉంది, పొడవు దాదాపు 150 మీటర్లు. 2010 నుంచి లోకంలో సగం మందికి అదే కల. అందులో దిగడానికి ఆ హోటల్‌లో బస చేస్తున్నవారికే అనుమతి. పైన చూడటానికి టికెట్టు అమ్మే స్కైపార్క్ వేదిక వేరు, ఆ టికెట్టుతో కొలనులోకి పోనివ్వరు. ఈ తేడా తెలియక కొనేసి పైకి వెళ్లి గొడవపడేవాళ్లను చూశాను. ఒక్క రాత్రి గది తీసుకున్నా మీ వారం బడ్జెట్‌లో పెద్ద ముక్క పోతుంది. పైగా ఆ కొలనులో ఈత కుదరదు. జనం గట్టు పట్టుకుని ఫోన్లు పైకెత్తి నిలబడి ఉంటారు, పాపకు విసుగు పుడుతుంది.

పక్కనే గార్డెన్స్ బై ద బేలో పిల్లల తోట ఉంది. నేలలోంచి చిమ్మే నీటి ఫౌంటెన్లు, పిల్లలు తడిసి ముద్దవుతారు, ప్రవేశం ఉచితం. సోమవారం సెలవు. బాబుకు కొలను కన్నా అదే నచ్చుతుంది, రాసిస్తాను. రాత్రి ఒడ్డున నిలబడితే హోటల్ ముందు లేజర్ల ప్రదర్శన కూడా ఉచితం. మీవారిని అక్కడ ఫొటో తీయండి, వెనక ఆ మూడు టవర్లూ పడతాయి.

నీటి అలలు, జారుడు బల్లలు కావాలంటే సెంటోసాలో డబ్బు కట్టే వాటర్ పార్కు ఉంది. అంతకు ముందు ప్రభుత్వానివే చూడండి, జురాంగ్ వైపు, సెంగ్‌కాంగ్ వైపు కొలనుల్లో జారుడు బల్లలు ఉన్నాయి. కాస్త దూరం గానీ టికెట్టు అదే రెండు మూడు డాలర్లు. సెంటోసా బీచ్‌ల మీద నడవడానికి మాత్రం ఏమీ కట్టనక్కర్లేదు.

---

లెక్కలమాస్టారు · గుంటూరు

హోటల్‌లో టిఫిన్ కలిపిన ధర తీసుకోవాలా వద్దా అన్నది మిగిలింది. శాకాహారి ఉన్న ఇంట్లో వద్దంటాను. చవక హోటళ్లలో టిఫిన్ అంటే రొట్టె, గుడ్డు, సాసేజి. అత్తయ్యగారు తినేది రెండు రొట్టె ముక్కలు. లిటిల్ ఇండియాలో కోమల విలాస్ 1947 నుంచి నడుస్తోంది, ఆనంద భవన్ 1924 నుంచి. ఇడ్లీ, దోసె, ఫిల్టర్ కాఫీ అన్నీ దొరుకుతాయి. సెరంగూన్ రోడ్డులోనే శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, శనివారం పడితే రద్దీగా ఉంటుంది.

ఒక్క మాట, రద్దు చేసుకోగల ధరకే బుక్ చేయండి. మే నెలాఖరున సింగపూర్ బడులకు సెలవులు మొదలవుతాయి. కొలనుల్లోనూ, హోటళ్లలోనూ ఆ రద్దీ కనిపిస్తుంది.

---

పొద్దుతిరుగుడు · హన్మకొండ

నేను డెకాథ్లాన్‌కు వెళ్లి పొడుగు చేతులది కొన్నాను. వేసుకుని అద్దంలో చూసుకుంటే అంతరిక్షంలోకి వెళ్లేదానిలా ఉన్నాను. ఏమైనా సరే, ఈసారి ఎవరూ పైకి రమ్మనరు!

---

తూనీగ · విజయవాడ

బుక్ చేశాం. లావెండర్ దగ్గర, ఒకే అంతస్తులో రెండు గదులు, రెండింటికీ కిటికీలు (కాలినడక గారి మాట విని ఫోన్ చేసి మరీ అడిగాను), కొలను లేదు, టిఫిన్ లేదు, పన్నులతో కలిపి 228 డాలర్లు. మొదటిరోజు పొద్దున నేరుగా జలాన్ బెసార్. వారం మధ్యలో ఒకరోజు పాప కోసం కల్లాంగ్.

అత్తయ్యగారు ఈ చర్చంతా నాతో చదివించుకున్నారు. ఆవిడకు ఒకటే ప్రశ్న. మేమంతా నీళ్లలో ఉంటే తను ఎండలో నిలబడాలా, కూర్చునే చోటు ఉంటుందా?

---

నీటికాకి · సింగపూర్

ఉంటుంది. పెద్ద కొలనుల పక్కన మెట్లమెట్లుగా ప్రేక్షకుల గ్యాలరీలు ఉంటాయి, చాలావాటికి పైకప్పు కూడా ఉంటుంది. ఈదకుండా కూర్చునేవాళ్లకు కూడా టికెట్టు ఉందో లేదో గేటు దగ్గర అడగండి, ఉన్నా చిల్లరే. గట్టు తడిగా జారుతుంటుంది, ఆవిడకు పట్టున్న రబ్బరు చెప్పులు తెండి. లాకర్ల కోసం కొన్ని చిల్లర నాణేలు, చిన్న తాళం కూడా సంచిలో పడేయండి, ఒక్కో చోట ఒక్కో రకం ఉంటుంది.